పాత రైలింజిన్‌కు కొత్త మోటార్ పెడితే ఏమవుతుంది? విజయనగరం, సిక్కోలు పట్టాలు చెప్పే అసలు సంగతి ఇదీ!

విజయనగరం జంక్షన్‌లో ఓ పది నిమిషాలు నిలబడండి చాలు. ఓ గూడ్స్ బండి భారంగా, కీచుమంటూ కదులుతుంది. దాని వెనకే ఓ ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగి, చప్పుడు లేకుండా జారిపోతుంది. రెండూ కరెంటు ఇంజిన్లే, పైన తీగ కూడా ఒకటే. మరి అంత తేడా ఎందుకు? సమాధానం ఇంజిన్ పైన లేదు, కింద ఉంది. చక్రాల మధ్యలో ఉండే మోటార్‌లో, ఆ మోటార్‌ను మోసే చాసిస్‌లో ఉంది.

పాత ఇంజిన్‌ను పక్కన పడేయకుండా మోటార్ మార్చి, కింది భాగం మార్చి మళ్లీ పట్టాలెక్కించడం మన రైల్వేలో ఎన్నో ఏళ్లుగా జరుగుతోంది. కొన్నిసార్లు బాగా కుదిరింది, కొన్నిసార్లు బెడిసికొట్టింది. ఉత్తరాంధ్ర పట్టాల మీద ఈ రెండు రకాల అనుభవాలూ ఉన్నాయి. అవేంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా పేరు చదవడం నేర్చుకుందాం

ఇంజిన్ పక్కన డబ్ల్యూఏజీ-5, డబ్ల్యూఏపీ-4, డబ్ల్యూడీఎం-2 అని రాసి ఉంటుంది. చూడ్డానికి కోడ్ భాషలా ఉన్నా అర్థం చాలా సులువు. మొదటి అక్షరం 'డబ్ల్యూ' అంటే బ్రాడ్‌గేజ్. రెండోది 'ఏ' అయితే ఏసీ కరెంటు, 'డీ' అయితే డీజిల్. మూడోది 'పీ' అయితే ప్యాసింజర్ బండికి, 'జీ' అయితే గూడ్స్‌కు, 'ఎం' అయితే రెండింటికీ. చివరి అంకె ఆ రకం వరుస సంఖ్య. అంటే డబ్ల్యూఏజీ-5 అంటే బ్రాడ్‌గేజ్ మీద ఏసీ కరెంటుతో నడిచే గూడ్స్ ఇంజిన్లలో ఐదో రకం. అంతే!

ఇంకో మాట. మనం బోగీ అంటే జనం కూర్చునే పెట్టె అనుకుంటాం. రైల్వే షెడ్‌లో బోగీ అంటే వేరు. ఇంజిన్ కింద చక్రాలు, ఇరుసులు, స్ప్రింగులు, మోటార్లు అన్నీ కలిపి ఉండే బండిచట్రం పేరు అది. ఒక్కో ఇంజిన్‌కు సాధారణంగా ఇలాంటి బోగీలు రెండు ఉంటాయి. ఈ కథనంలో బోగీ అన్నచోటల్లా ఆ చట్రమే అనుకోండి.

బొమ్మ రైలు, అసలు రైలు... లోపల ఒకటే సూత్రం

ఇంట్లో పిల్లల బొమ్మ రైలు విప్పి చూశారా? లోపల చిన్న డీసీ మోటార్ ఉంటుంది. మధ్యలో తిరిగే తీగచుట్ట, దాని చివర రాగి ముక్కలతో చేసిన కమ్యుటేటర్, దానికి ఒరుసుకుంటూ కరెంటు అందించే బ్రష్‌లు. తిరిగేకొద్దీ బ్రష్ అరుగుతుంది, రాగి మీద నల్లటి మసి పేరుకుంటుంది, నిప్పురవ్వలు వస్తాయి. కొన్నాళ్లకు బొమ్మ రైలు కుదుపులతో నడుస్తుంది, తర్వాత ఆగిపోతుంది.

మన పాత రైలింజిన్లలోనూ సరిగ్గా ఇదే మోటార్. సైజే తేడా. ఒక్కో మోటార్ టన్నుల బరువుంటుంది. ఒక్కో ఇరుసుకు ఒకటి చొప్పున ఆరు మోటార్లు. ఆ ఆరింటికీ బ్రష్‌లు, కమ్యుటేటర్లు ఉంటాయి. దుమ్ము, వాన, వేడి తట్టుకుంటూ తిరగాలి. షెడ్‌కు వచ్చిన ప్రతిసారీ బ్రష్‌లు చూడాలి, కమ్యుటేటర్ శుభ్రం చేయాలి. ఏమరుపాటుగా ఉంటే మోటార్ కాలిపోతుంది. దారిలో మోటార్ కాలితే ఆ ఒక్క బండే కాదు, వెనక వచ్చే బండ్లన్నీ ఆగుతాయి. పలాస నుంచి విజయనగరం దాకా గూడ్స్‌లు, ఎక్స్‌ప్రెస్‌లు, లోకల్ బండ్లు అన్నీ ఒకే లైన్ల మీద నడవాలి కాబట్టి ఇక్కడ ఆ బాధ అందరికీ అనుభవమే.

మొదటి పాఠం: మోటార్ ఒక్కటే మారిస్తే చాలదు

1984 నుంచి తయారైన డబ్ల్యూఏజీ-5 మన గూడ్స్ బండ్లకు ఏళ్ల తరబడి వెన్నెముకగా నిలిచింది. పశ్చిమ బెంగాల్‌లోని చిత్తరంజన్ ఫ్యాక్టరీ దీనికి పుట్టినిల్లు. శక్తి 3,850 హార్స్‌పవర్. మొదట్లో ఇందులో టీఏఓ-659 అనే మోటార్లు వాడారు. ప్యాసింజర్ బండ్ల కోసం 1980లో వచ్చిన డబ్ల్యూఏపీ-1లోనూ ఇవే మోటార్లు.

తర్వాత జపాన్‌కు చెందిన హిటాచీ డిజైన్‌తో హెచ్‌ఎస్ 15250ఏ అనే కొత్త మోటార్ వచ్చింది. ఒక్కోటి 630 కిలోవాట్లు. ఆరు కలిపితే దాదాపు 5,000 హార్స్‌పవర్. మరి పాత మోటార్లు విప్పి ఇవి బిగిస్తే ఇంజిన్ శక్తి పెరిగిపోతుందా? పెరగదు! ఎందుకంటే మోటార్‌కు కరెంటు ఇచ్చేది ఇంజిన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్. పైన తీగలో ఉండే 25,000 వోల్టులను తగ్గించి మోటార్లకు పంపేది అదే. ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైతే మోటార్ ఎంత పెద్దదైనా లాభం లేదు. ఇంట్లో సన్న పైపు పెట్టి పెద్ద కుళాయి బిగించినట్టే.

అందుకే 1990ల్లో డబ్ల్యూఏపీ-4 తయారు చేసినప్పుడు మోటార్‌తో పాటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా పెద్దది పెట్టారు. దాంతో 3,800 హార్స్‌పవర్‌కు అటూ ఇటూగా ఉన్న శక్తి 5,000 దాటింది. ఈ డిజైన్ కుదిరాక పాత డబ్ల్యూఏపీ-1 ఇంజిన్లలో చాలావాటిని విప్పి డబ్ల్యూఏపీ-4గా మార్చారు. పైన డబ్బా దాదాపు అదే, లోపల గుండె కొత్తది. హౌరా-చెన్నై లైన్ మీద శ్రీకాకుళం రోడ్, విజయనగరం మీదుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లను ఏళ్ల తరబడి లాగింది ఈ రకమే.

రెండో పాఠం: చాసిస్ తప్పితే అంతా తప్పుతుంది

శక్తి పెరిగితే సరిపోదు, ఆ శక్తి పట్టాల మీదకు దిగాలి. ఉక్కు చక్రం, ఉక్కు పట్టా. రెండూ నున్నగా ఉంటాయి. ఎక్కువ బలంగా తిప్పితే చక్రం అక్కడికక్కడే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. వాన పడ్డప్పుడు, పట్టాల మీద ఆకులు పడ్డప్పుడు ఇంకా కష్టం. ఇంజిన్లలో చక్రాల ముందు ఇసుక వదిలే పెట్టెలు ఉండేది అందుకే.

బోగీ డిజైన్ పని ఇక్కడే మొదలవుతుంది. బండి లాగేటప్పుడు ఇంజిన్ ముందు భాగం కాస్త పైకి లేచి, బరువు వెనక చక్రాల మీదకు పోతుంది. ముందు చక్రాలు పట్టు కోల్పోతాయి. డబ్ల్యూఏజీ-5లోని పాత బోగీలో మూడు మోటార్లూ ఒకే దిక్కుకు ఉండవు కాబట్టి ఈ ఇబ్బంది ఎక్కువ. 1992లో వచ్చిన డబ్ల్యూఏజీ-7లో కొత్త మోటార్‌తో పాటు 'హై అడ్హిషన్' అనే, అంటే పట్టాలను గట్టిగా పట్టుకునే బోగీ పెట్టారు. ఇంజిన్ బరువు 123 టన్నులకు పెంచారు. శక్తి 5,000 హార్స్‌పవర్. పాతదాన్ని మెరుగుపరిచిన తీరులో ఇదొక మంచి ఉదాహరణ.

అయితే అదే బోగీని ప్యాసింజర్ ఇంజిన్‌కు పెడితే? ఆ ప్రయోగమూ చేశారు. కొన్ని డబ్ల్యూఏపీ-1లకు గూడ్స్ ఇంజిన్ బోగీలు బిగించి డబ్ల్యూఏపీ-6 అని పేరు పెట్టారు. అనుకున్న వేగం అందుకోలేకపోయాయి. చివరకు వాటినీ డబ్ల్యూఏపీ-4గా మార్చేశారు. బరువు లాగడానికి చేసిన కాళ్లు వేరు, పరుగెత్తడానికి చేసిన కాళ్లు వేరు అని దీంతో తేలిపోయింది.

మన కొత్తవలస లైన్ మీద జరిగిన పెద్ద ప్రయోగం

ఇప్పుడు అసలు మన ఇంటి కథ. విజయనగరం జిల్లా కొత్తవలస నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వరకు వెళ్లే లైన్ మనందరికీ తెలిసిందే. అరకు రైలు వెళ్లే దారి. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు తెచ్చి జపాన్‌కు పంపడానికి దీన్ని కట్టారు. పొడవు సుమారు 445 కిలోమీటర్లు. ఘాట్‌లో సొరంగాలు, వంతెనలు, మలుపులు. దారిలోని శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదట డీజిల్ ఇంజిన్లు నడిచాయి, 1980ల మొదట్లో కరెంటు వచ్చింది.

ఇక్కడ ఇంజిన్‌కు రెండు పరీక్షలు. ఖాళీ వ్యాగన్లతో కొండెక్కాలి. ఖనిజం నింపుకుని కిందికి దిగేటప్పుడు బ్రేకు తప్పకూడదు. దేశంలోని ఏ ఇంజిన్‌కైనా ఇంతకంటే కఠినమైన పరీక్ష తక్కువే. అందుకే 1980ల చివర్లో రైల్వే విదేశాల నుంచి తెప్పించిన 18 కొత్త రకం ఇంజిన్లన్నింటినీ మన వాల్తేరు షెడ్‌కే ఇచ్చారు. వాటి పేరు డబ్ల్యూఏజీ-6. ఒక్కోటి 6,000 హార్స్‌పవర్.

ఇందులో తమాషా ఏంటంటే ఇవి మూడు రకాలు, రకానికి ఆరు చొప్పున. 6ఏ స్వీడన్‌కు చెందిన ఏఎస్‌ఈఏ కంపెనీది. 6బీ, 6సీ రెండూ హిటాచీవి. 6ఏ, 6బీ రకాల్లో రెండేసి ఇరుసుల బోగీలు మూడు. 6సీలో మాత్రం మామూలుగా మూడేసి ఇరుసుల బోగీలు రెండు. అంటే ఏ చాసిస్ బాగా పనిచేస్తుందో పక్కపక్కనే పెట్టి చూశారన్నమాట. పైగా వీటిలో వోల్టేజీని మెట్లు మెట్లుగా మార్చే పాత పద్ధతి కాకుండా, థైరిస్టర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో సాఫీగా పెంచే పద్ధతి వచ్చింది. కుదుపు లేకుండా శక్తి పెరగడం కొండెక్కే బండికి పెద్ద వరం.

మరి ఈ రకం దేశమంతా ఎందుకు వ్యాపించలేదు? ఎందుకంటే ఈలోపే ప్రపంచం ఇంకో అడుగు ముందుకేసింది. బ్రష్‌లే లేని త్రీఫేజ్ మోటార్ వచ్చేసింది. డీసీ మోటార్‌ను ఎంత మెరుగుపరిచినా అందులో బ్రష్ పోదు కదా! పైగా మూడు రకాలు కలిపి 18 ఇంజిన్లే. ఒక్కో రకానికి ప్రత్యేక విడిభాగాలు కావాలి. డబ్ల్యూఏజీ-6 ఇప్పుడు పట్టాల మీద లేదు. కానీ 6,000 హార్స్‌పవర్ కరెంటు ఇంజిన్లను మనవాళ్లు నడిపి చూసింది ముందుగా ఈ కొండల్లోనే.

త్రీఫేజ్ మోటార్ అంటే ఏంటి? మనకేంటి లాభం?

మీ ఊళ్లో పొలం దగ్గర త్రీఫేజ్ మోటార్ చూసే ఉంటారు. అందులో బ్రష్ ఉండదు. చుట్టూ ఉన్న తీగచుట్టల్లో తిరిగే అయస్కాంత క్షేత్రం పుడుతుంది, దాని వెంట లోపలి రోటార్ తిరుగుతుంది. ఒరిపిడి లేదు, మసి లేదు. రైలింజిన్‌లోనూ ఇదే. అయితే పొలం మోటార్ ఒకే వేగంతో తిరిగితే చాలు. రైలుకు సున్నా నుంచి 130 కిలోమీటర్ల దాకా ప్రతి వేగమూ కావాలి. అందుకు కరెంటు ఫ్రీక్వెన్సీనే మార్చాలి. తీగలోని ఏసీని ముందు డీసీగా, మళ్లీ మనకు కావాల్సిన త్రీఫేజ్ ఏసీగా మార్చే కన్వర్టర్లు, వాటిని నడిపించే కంప్యూటర్ ఇంజిన్‌లో ఉండాలి.

అందుకే పాత డబ్ల్యూఏజీ-5లోకి త్రీఫేజ్ మోటార్ తెచ్చి బిగించేస్తే పని అయిపోదు. ట్రాన్స్‌ఫార్మర్, కన్వర్టర్, బోగీ, కంట్రోల్ అన్నీ మార్చాలి. అన్నీ మార్చాక మిగిలేది పాత రేకు డబ్బా ఒక్కటే! దాని బదులు కొత్తది కట్టడమే నయం. 1990ల మధ్యలో ఏబీబీ కంపెనీ నుంచి తెచ్చిన పరిజ్ఞానంతో డబ్ల్యూఏజీ-9, డబ్ల్యూఏపీ-5, తర్వాత డబ్ల్యూఏపీ-7 వచ్చాయి. 2015 చివరికి చిత్తరంజన్‌లో పాత రకం ఇంజిన్ల తయారీ ఆగిపోయి, అన్నీ త్రీఫేజ్ అయ్యాయి.

ప్రయాణికులకు, రైల్వేకు వీటి వల్ల లాభాలు ఇవీ:

బండి కదిలేటప్పుడు కుదుపు తక్కువ, వేగం త్వరగా అందుకుంటుంది.

బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటర్‌లా మారి కరెంటు పుట్టిస్తుంది. పాత ఇంజిన్లలో ఆ కరెంటు రెసిస్టర్లలో వేడిగా వృథా అయ్యేది. త్రీఫేజ్‌లో తిరిగి పైన తీగలోకే పోతుంది. ఖనిజం నింపుకుని అరకు వైపు నుంచి కొత్తవలసకు దిగే బండి, కిందికి దిగుతూనే కరెంటు వెనక్కి ఇస్తుందన్నమాట.

డబ్ల్యూఏపీ-7 లాంటి ఇంజిన్ నుంచే పెట్టెలకు లైట్లు, ఏసీకి కరెంటు ఇవ్వొచ్చు. ఎల్‌హెచ్‌బీ బండ్లలో గోలగా మోగే జనరేటర్ పెట్టె పని తగ్గింది అందుకే.

మరి పాతవాటిని ఏం చేశారు?

కరెంటు ఇంజిన్‌కు రైల్వే లెక్కలో ఆయుష్షు 35 ఏళ్లు, డీజిల్‌కు 36 ఏళ్లు. మధ్యలో సుమారు 18 ఏళ్లకు ఒకసారి మొత్తం విప్పి బాగు చేస్తారు. మెరుగుపరచడానికి అసలు అదను అదే.

డీజిల్‌లో దీనికి పెద్ద ఉదాహరణ డబ్ల్యూడీఎం-2. అమెరికా కంపెనీ ఆల్కో డిజైన్‌తో 1962లో వచ్చింది, 1964 నుంచి వారణాసిలో తయారైంది. 2,600 హార్స్‌పవర్. మొత్తం 2,600కు పైగా తయారయ్యాయి. విజయనగరం-రాయగడ వైపు, పలాస వైపు దశాబ్దాల పాటు పొగ వదులుతూ బండ్లు లాగింది ఇదే. పంజాబ్‌లోని పటియాలా వర్క్‌షాప్‌లో వీటిని పూర్తిగా విప్పి, డీసీ జనరేటర్ తీసేసి ఆల్టర్నేటర్ పెట్టి, ఇంజిన్ శక్తి 3,100 హార్స్‌పవర్‌కు పెంచి డబ్ల్యూడీఎం-3ఏగా మార్చారు. ఇక్కడ చివరి అంకెలో మూడు వేలు, అక్షరంలో వంద దాగి ఉన్నాయి. '3ఏ' అంటే 3,100 అని అర్థం.

కరెంటు ఇంజిన్లలో చిన్న చిన్న మార్పులు చేశారు. ఫ్యాన్లు, బ్లోయర్లకు కరెంటు ఇచ్చే ఆర్నో అనే తిరిగే యంత్రం తీసేసి, తిరిగే భాగాలు లేని స్టాటిక్ కన్వర్టర్ పెట్టారు. కంట్రోల్‌కు మైక్రోప్రాసెసర్ వచ్చింది. శక్తి పెరగకపోయినా, దారిలో ఆగిపోయే గండం తగ్గించడమే వీటి ఉద్దేశం.

ఇంకో సాహసం కూడా జరిగింది. 2018లో వారణాసిలో రెండు పాత డీజిల్ ఇంజిన్లను కలిపి 10,000 హార్స్‌పవర్ కరెంటు ఇంజిన్‌గా మార్చారు. 69 రోజుల్లో పని పూర్తయింది. 2019 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ దీనికి పచ్చజెండా ఊపారు. అప్పట్లో పెద్ద వార్త. అయితే ఈ రకం ఇంజిన్లు కొన్నే వచ్చాయి. మొదటి నుంచీ కరెంటు కోసమే కట్టిన కొత్త ఇంజిన్ల జోరు ముందు ఈ దారి పెద్దగా సాగలేదు.

నౌపడా చిన్న రైలు: మోటార్ కాదు, పట్టాలే మారాయి

సిక్కోలు పెద్దలకు నౌపడా-గుణుపురం చిన్న రైలు గుర్తుండే ఉంటుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన ఈ లైన్ 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా మొదలైంది. తర్వాత గుణుపురం దాకా, మొత్తం 90 కిలోమీటర్లు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. మొదట ఆవిరి ఇంజిన్లు, తర్వాత చిన్న డీజిల్ ఇంజిన్లు.

ఇక్కడ ఇంజిన్ మార్చి కాలం నెట్టుకొచ్చినా ఓ హద్దు ఉంది. పట్టాలు ఇరుకైతే బోగీ ఇరుకు. బోగీ ఇరుకైతే చక్రాల మధ్య పెద్ద మోటార్ పట్టదు. పైగా నౌపడాలో పెద్ద లైన్‌కు మారాలంటే జనం, సరుకు దిగి ఎక్కాల్సిందే. అందుకే 2004లో చిన్న రైలు ఆపి లైన్‌ను బ్రాడ్‌గేజ్‌గా మార్చారు. 2010-11 నాటికి పెద్ద రైలు పర్లాకిమిడి, గుణుపురం చేరింది. పాతపట్నం, టెక్కలి జనానికి విశాఖ నేరుగా దగ్గరైంది. చిన్న రైలు పోయిందన్న బెంగ ఉన్నవాళ్లూ ఉన్నారు. కానీ అవసరం గెలిచింది.

ఇంట్లో పాత మోడల్ రైలు ఉందా? ఇవే పాఠాలు పనికొస్తాయి

విదేశాల్లో ఉన్న పిల్లలు తెచ్చిన హార్న్‌బీ లాంటి మోడల్ రైలు ఆగిపోయి అటక మీద ఉందా? పారేయకండి. మోడల్ రైళ్ల అభిమానులు పాత మోటార్ తీసేసి, పాత సీడీ ప్లేయర్లలోని చిన్న మోటార్ బిగించి నడిపిస్తారు. మూడు పోల్స్ ఉన్న మోటార్ బదులు ఐదు పోల్స్ ఉన్నది పెడితే నెమ్మదిగా కూడా కుదుపు లేకుండా నడుస్తుంది.

అయితే జాగ్రత్త. మోడల్ రైలు పట్టాల్లో సాధారణంగా 12 వోల్టులు ఉంటాయి. సీడీ మోటార్ అందులో సగం వోల్టేజీకి చేసింది. నేరుగా కలిపితే మాడిపోతుంది, మధ్యలో రెసిస్టర్ కావాలి. గేర్ పళ్లు సరిపోవాలి. చక్రాలు మురికిగా ఉంటే మోటార్ కొత్తదైనా కరెంటు అందదు. మోటార్ మార్చే ముందు చక్రాలు, పట్టాలు తుడిచి, బ్రష్‌లు చూసి, చుక్క నూనె వేసి చూడండి. సగం సార్లు జబ్బు అక్కడే ఉంటుంది. ఇష్టం ఉన్నవాళ్లు పుణెలోని జోషీస్ మినియేచర్ రైల్వే మ్యూజియం ఓసారి చూడొచ్చు.

ఒక్క విషయం మరిచిపోవద్దు

కొత్త మోటార్ బండిని వేగంగా నడిపిస్తుంది, భద్రంగా నడిపించేది మాత్రం వేరే. 2023 అక్టోబర్ 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ను రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి ఢీకొట్టింది. 14 మంది ప్రాణాలు పోయాయి. అలాంటి ప్రమాదాన్ని ఆపేది హార్స్‌పవర్ కాదు. సరిగ్గా పనిచేసే సిగ్నల్, ముందు బండి ఉంటే దానంతటదే బ్రేకు వేసే కవచ్ లాంటి వ్యవస్థ, నిద్ర చాలిన లోకో పైలట్. శక్తిమంతమైన ఇంజిన్ వచ్చేకొద్దీ ఇవి ఇంకా ఎక్కువ అవసరం.

అలాగే లైన్ ఖాళీ లేకపోతే 6,000 హార్స్‌పవర్ ఇంజిన్ కూడా సిగ్నల్ దగ్గర నిలబడాల్సిందే. విజయనగరం నుంచి టిట్లాగఢ్ వైపు, ఖుర్దా రోడ్ వైపు మూడో లైన్‌కు రైల్వే సిద్ధమైంది అందుకే. ఇంజిన్, సిగ్నల్, లైన్ మూడూ కలిసి మారితేనే మన పలాస బండి టైముకు ఇంటికి చేరుస్తుంది.

ఈసారి స్టేషన్‌లో బండి కోసం ఎదురుచూసేటప్పుడు ఇంజిన్ పక్కన రాసిన పేరు ఓసారి చదవండి. డబ్ల్యూఏజీ-5 కనబడితే అది ఆఖరి రోజుల్లో ఉన్న పెద్దాయన అని గుర్తుపట్టండి. అది కదిలేటప్పుడు వచ్చే కుదుపును, పక్కన డబ్ల్యూఏపీ-7 జారిపోయే తీరును పోల్చి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.